సిరిసిల్ల సాంచాల మధ్య వాడి చూసిన ఇయర్ ప్లగ్స్: ఏవి నిలబడ్డాయి, ఏవి మూలన పడ్డాయి

తీర్పు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఈ పేరా చదివి వెళ్లిపోవచ్చు. పవర్‌లూమ్ (మేం సాంచ అంటాం) షెడ్డులో పొద్దంతా నిలబడేవాళ్లకు తాడు ఉన్న ఫోమ్ ప్లగ్ మంచిది, నేను వాడుతున్నది 3ఎం వాళ్ల 1110. షెడ్డులోకి వస్తూ పోతూ ఉండే ఆసాములకు (అంటే సాంచాలు నడిపించే యజమానులకు), మెకానిక్కులకు కడిగి వాడుకునే సిలికాన్ ప్లగ్ నయం. చెవి మొత్తం కప్పే ఇయర్ మఫ్ గంటలోపు పనికి బాగుంటుంది, పన్నెండు గంటల షిఫ్టుకు కాదు. దూది వద్దు. ఫోన్‌కు పెట్టుకునే ఇయర్‌బడ్స్ అసలే వద్దు.

ఇక వివరంగా. మాది సిరిసిల్ల, ఇంటి వెనకాలే కార్ఖానా, అందులో నాడె (పోగును అటూ ఇటూ మోసే షటిల్) కొట్టే పాతరకం సాంచాలు. ఒక్కో కార్మికుడు ఎనిమిది, పది సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగు కట్టుకుంటూ, అయిపోయిన కండె మార్చుకుంటూ పన్నెండు గంటలు ఉంటాడు. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో పక్కన నిలబడితే తెలిసిపోతుంది: కర్ర వచ్చి నాడెను కొడుతుంది, నాడె అవతలి పెట్టెలో పడి టక్కున ఆగుతుంది, మళ్లీ ఇటు నుంచి అటు, నిమిషానికి వందకు పైనే, అన్ని సాంచాలూ కలిపి, పైన రేకులు. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే మా షెడ్డు నడుమ 95కు, 100 డెసిబెల్స్‌కు మధ్య ఆడింది. ఫోన్ మైకు కొలతల మీటరు కాదు కాబట్టి ఆ అంకెను నేను కాగితం మీద రాసి ఎవరికీ ఇవ్వను, కానీ మీటరు లేకుండానే చేసుకునే పరీక్ష ఒకటి ఉంది. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ మోత 85 డెసిబెల్స్ దాటిందనుకోవచ్చు. మా దగ్గర అరిచినా లాభం లేదు, సైగలే. ఇంగ్లండ్‌లో లాంకషైర్ బట్టల మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్లయితే పెదాలు పెద్దగా కదిలించి మాట్లాడుకునే పద్ధతే తయారుచేసుకున్నారు, దానికి 'మీ-మాయింగ్' అని పేరు కూడా ఉంది. మగ్గం ఏ దేశంలో ఉన్నా మాట ఇట్లాగే తయారవుతుందేమో.

డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు, ఇది తెలియకనే చాలామంది "85 అయితే ఏంది, 95 అయితే ఏంది, పదే కదా తేడా" అంటారు. మూడు డెసిబెల్స్ పెరిగితే చెవిలోకి వెళ్లే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు ఉండొచ్చు, 88 అయితే 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. మన ఫ్యాక్టరీ రూల్స్‌లో 8 గంటలకు హద్దు 90 డెసిబెల్స్. సరే, మన హద్దే తీసుకుందాం అనుకున్నా, పనివాళ్లు తక్కువున్న చిన్న కార్ఖానాలు చాలావరకు ఆ రూల్స్ కిందికే రావు, వచ్చి కొలిచేవాళ్లూ లేరు. కాబట్టి చెవి ఎవరిదో ప్లగ్ ఖర్చు కూడా వాళ్లదే అన్నట్టు నడుస్తోంది. నా అభిప్రాయం అడిగితే అది ఆసామి ఖర్చు, నూలు, కరెంటు బిల్లుల పక్కన రాసుకోవాల్సిన ఖర్చు.

1110 సంగతి. నారింజ రంగు మెత్తటి ఫోమ్, రెండింటినీ కలుపుతూ తాడు. ఇదే తాడు లేకుండా కావాలంటే 1100. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సేఫ్టీ సామాన్లు అమ్మే దుకాణాల్లో విడిగానూ ఇస్తారు, డబ్బా లెక్కనా ఇస్తారు, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతుంది, ఒక జత ధర ఒకటి రెండు చాయ్‌ల పైసలకు అటూ ఇటూ. ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ 29 అని ఒక అంకె, ఎస్‌ఎన్‌ఆర్ 37 అని ఇంకో అంకె కనిపిస్తాయి. రెండూ ప్లగ్ మోతను ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పేవే, మొదటిది అమెరికా లెక్క, రెండోది యూరప్ లెక్క, వస్తువు ఒక్కటే. అమ్మేవాళ్లు పెద్ద అంకెనే చూపిస్తారు, మీరు రెండు వేర్వేరు ప్లగ్స్‌ను పోల్చేటప్పుడు ఒకే రకం అంకెను పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ 29 కూడా మన చెవికి పూర్తిగా అందదు. అది ల్యాబులో, ఎవరో పక్కన ఉండి సరిగ్గా పెట్టించి కొలిచిన అంకె. పనిచోట లెక్కకు అమెరికా వాళ్లు వాడే పద్ధతి ఏమిటంటే 29లోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేయడం. అంటే 11. షెడ్డులో 97 ఉంటే చెవికి చేరేది 86 దగ్గర అనుకోవాలి. పన్నెండు గంటల షిఫ్టుకు 86 కూడా కాస్త ఎక్కువే, అందుకే మధ్యలో చాయ్‌కి బయటికి వెళ్లే పది నిమిషాలు షెడ్డు గుమ్మంలో కాకుండా నిజంగా దూరంగా వెళ్లి కూర్చోవాలి. అయినా 97కి, 86కి మధ్య తేడా తక్కువది కాదు, చెవి మీద పడే మోత పన్నెండో వంతుకు దిగుతుంది.

ఇక్కడ అసలు ఆట అంకెలో లేదు, పెట్టుకోవడంలో ఉంది. మా కార్ఖానాలో ప్లగ్స్ పంచినప్పుడు సగం మంది దాన్ని బటన్ నొక్కినట్టు చెవి గుమ్మంలో నొక్కి వదిలేశారు, సగం బయటే ఉంది. అట్లా పెడితే పెట్టకపోయినా ఒకటే. పద్ధతి ఇది: చేతులు కడుక్కోవాలి (నూనె, గ్రీజు చేతులతో ముడితే చెవిలో పుండు పడుతుంది), ఫోమ్‌ను రెండు వేళ్ల మధ్య మడత పడకుండా సన్నటి పుల్లలా అయ్యేదాకా నలపాలి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగాలి, అప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది, వెంటనే ప్లగ్‌ను లోపలికి పంపి అర నిమిషం వేలితో ఆపి పట్టుకోవాలి. ఆ అర నిమిషం ఎవరికీ ఓపిక ఉండదు. కానీ ఫోమ్ ఉబ్బి దారిని మూసేది అప్పుడే, వేలు ముందే తీస్తే అది ఉబ్బుతూ బయటికి జారుతుంది. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే సాంచాల మధ్య నిలబడి రెండు చేతులతో చెవులు గట్టిగా మూసి, తీసి చూడండి. తేడా పెద్దగా తెలియకపోతే ప్లగ్ బాగా కూర్చున్నట్టు, మూయగానే మోత ఒక్కసారిగా తగ్గితే మళ్లీ పెట్టుకోవాలి. అద్దంలో చూసుకున్నప్పుడు ఎదురుగా ప్లగ్ కొస కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నా లోపలికి పోనట్టే.

మొదట్లో వచ్చిన అభ్యంతరం నేను ఊహించిందే. నేను పెద్దబాపు అని పిలిచే పాత కార్మికుడు ఒకాయన ఉన్నాడు, ఆయన ప్లగ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెట్టుకుంటే పోగు తెగింది ఎట్ల తెలుస్తది బిడ్డా? సాంచ నడక చెవితోనే కదా పట్టేది" అన్నాడు. మంచి ప్రశ్నే. నాడె సరిగ్గా పడటం లేదనేది మంచి కార్మికుడు కంటికంటే ముందు చెవితో పట్టేస్తాడు. ప్లగ్ పెట్టుకున్నాక నాకు కనిపించింది ఏమిటంటే చప్పుడు మొత్తం కిందికి దిగుతుంది తప్ప లయ పోదు, ఏ సాంచ ఆగిందో, ఏది తడబడుతోందో తెలుస్తూనే ఉంటుంది. వినికిడి బాగున్నవాళ్లకు ఇంత మోతలో ప్లగ్ వల్ల మాట, హెచ్చరిక వినడం కష్టం కాదు, ఒక్కోసారి సులువు కూడా, ఎందుకంటే మోతతో చెవి మొద్దుబారిపోకుండా ఉంటుంది. కీచుమనే పైస్వరం చప్పుళ్లను ఫోమ్ ఎక్కువ కోస్తుంది కాబట్టి చెవికి కొత్తగా అనిపిస్తుంది, అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది.

కానీ పెద్దబాపు లాంటివాళ్ల విషయం వేరు, దీన్ని దాచి రాస్తే రివ్యూ అబద్ధం అవుతుంది. ఇప్పటికే వినికిడి తగ్గినవాళ్లకు ప్లగ్ పెడితే వినాల్సిన చప్పుళ్లు కూడా అందకుండా పోవచ్చు. వాళ్లకు ముందు పరీక్ష చేయించి, తక్కువ అంకె ఉన్నది ఏదైనా సరిపోతుందేమో అడగడం మంచిది. ఎంత ఎక్కువ ఆపితే అంత గొప్ప అనుకోవడం కూడా పొరపాటే. చెవికి చేరేది 70 కంటే కిందికి పోతే మనిషికి ఏదో గాజు డబ్బాలో ఉన్నట్టు అనిపించి, చిరాకు పుట్టి తీసి జేబులో వేసుకుంటాడు. తీసి జేబులో వేసుకోవడం ఎంత నష్టమో ఈ ఒక్క లెక్క చూడండి: ఎనిమిది గంటల పనిలో ఒక్క గంట ప్లగ్ లేకుండా ఉంటే, మిగతా ఏడు గంటలు ఎంత గొప్ప ప్లగ్ పెట్టుకున్నా మొత్తం మీద దక్కే రక్షణ 9 డెసిబెల్స్ దాటదు. అందుకే 33 అంకె ఉన్నదాన్ని తీస్తూ పెడుతూ వాడేవాడికంటే, 24 ఉన్నదాన్ని షిఫ్టంతా వదలకుండా పెట్టుకున్నవాడి చెవే బాగుంటుంది.

తాడు ఎందుకు అంటున్నానంటే తాడు లేనివి కింద పడితే మళ్లీ దొరకవు, దొరికినా నూనె, దుమ్ము, పీచు. తాడు ఉంటే తీసినప్పుడు మెడలో ఆగుతుంది. అయితే ఒక జాగ్రత్త. తిరిగే బెల్టులు, పళ్ల చక్రాల దగ్గర ముందుకు వంగినప్పుడు తాడు ముందు వేలాడకూడదు. మెడ వెనక నుంచి వేసుకుని, చొక్కా కాలర్ లోపలికి తోసేయాలి. రుమాలు, చున్నీ విషయంలో ఎంత జాగ్రత్తో దీనికీ అంతే. తాడుకు భయపడేవాళ్లు 1100 తీసుకుని చిన్న డబ్బీలో పెట్టుకోండి.

ఫోమ్‌కు ఉన్న ఇబ్బందులు ఏ కంపెనీదైనా ఉండేవే. కడిగి వాడేది కాదు, కడిగితే గట్టిపడి ఉబ్బడం మానేస్తుంది. మురికి పట్టినా, నలిపాక మళ్లీ మెల్లగా ఉబ్బకపోయినా పారేయాలి, అంటే ఖర్చు చిన్నదైనా ఆగదు. చెవి దారి సన్నగా ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లలో కొందరికి, మామూలు సైజు నొప్పి పెడుతుంది, వాళ్ల కోసం చిన్న సైజులు అడిగి తెప్పించుకోవాలి. తీసేటప్పుడు మెల్లగా తిప్పుతూ తీయండి, ఒక్కసారిగా లాగితే చెవిలో గాలి పీల్చినట్టై కర్ణభేరి మీద గుంజుడు పడుతుంది. చెవిలో చీము కారుతున్నవాళ్లు, పుండు ఉన్నవాళ్లు ఏ ప్లగ్గూ పెట్టకూడదు, ముందు డాక్టరు.

సిలికాన్ ప్లగ్, అంటే ఒకదాని మీద ఒకటి మూడు గొడుగుల్లా అంచులు ఉండేది, నలపాల్సిన పని లేదు, కాడ పట్టుకుని తోస్తే పోతుంది. గ్రీజు చేతులున్న మెకానిక్కుకు ఇదే సుఖం, ఎందుకంటే చెవిలోకి వెళ్లే భాగాన్ని వేళ్లు తాకవు. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి నెలల తరబడి వాడొచ్చు. ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ 24, 25 అలా ఉంటుంది, ఫోమ్ కంటే కొంచెం తక్కువ. నాకు రెండు మూడు గంటలు దాటాక చెవి లోపల ఒరిపిడి మొదలైంది, మా మెకానిక్కుకు ఆ బాధే లేదు. చెవులు ఎవరివి వాళ్లవే, కాబట్టి రెండు రకాలూ ఒక్కో జత కొని చూసుకోవడం తప్ప దారి లేదు.

ఇయర్ మఫ్ మీద నాకు చాలా ఆశ ఉండేది. పెట్టుకోవడం నేర్పాల్సిన పని లేదు, పెట్టుకున్నారో లేదో దూరం నుంచే కనిపిస్తుంది, 3ఎం పెల్టార్ ఎక్స్5ఏ లాంటివి ఎన్‌ఆర్‌ఆర్ 31 వరకు ఇస్తాయి. కానీ మే నెలలో రేకుల కింద, పీచు ఎగిరే షెడ్డులో, చెవుల చుట్టూ మెత్తలు కట్టుకుని తిరగమని ఎవరికైనా చెప్పి చూడండి. చెమట కారి, దద్దు లేచి, మధ్యాహ్నానికి అన్నీ మేకులకు వేలాడుతున్నాయి. కళ్లద్దాలు ఉన్నవాళ్లకు ఇంకో తంటా, అద్దాల కాడ వల్ల మెత్త కింద సందు పడి మోత లోపలికి వస్తుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికింది కదా అని తెప్పించిన ఊరూపేరూ లేని ఒక రకం అయితే మెత్తలు కొన్నాళ్లకే గట్టిపడి పగిలాయి, విడి మెత్తలు దొరకవు, బ్యాండు బిగువు పోయింది. దాని ప్యాకెట్ మీద రాసిన అంకెకు కింద ఏ ప్రమాణం పేరూ లేదు, ఇప్పుడైతే అలాంటిది ముట్టుకోను. మఫ్ ఎవరికి పనికొస్తుందంటే గ్రానైట్ కోసేవాళ్లకు, కాంక్రీటు పగలగొట్టేవాళ్లకు, జనరేటర్ గదిలోకి కాసేపు వెళ్లొచ్చేవాళ్లకు. మరీ భయంకరమైన మోతలో ప్లగ్ మీద మఫ్ కూడా వేసుకుంటారు, అయితే 29కి 31 కలిపి 60 అనుకోకండి, రెండోదానివల్ల అదనంగా వచ్చేది 5 డెసిబెల్స్ అంతే.

ఇయర్‌బడ్స్ గురించి కుర్రాళ్ల కోసం రెండు మాటలు. నాయిస్ క్యాన్సిలింగ్ అని రాసి ఉంటుంది కదా, అది బస్సు, విమానం గుయ్‌మనే ఏకధాటి కింది స్వరాలను బాగా తగ్గిస్తుంది, నాడె కొట్టిన టకటకలను అంతగా కాదు. పైగా వాటికి రక్షణ పరికరంగా రేటింగ్ ఉండదు. వాళ్లు చేసేది ఏమిటంటే సాంచాల మోతను దాటి పాట వినపడేదాకా వాల్యూమ్ పెంచడం, అంటే మోతకు మోత తోడు. పాట వినాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెల్స్ దగ్గర.

దూది మా నాయనల కాలం నుంచి ఉంది. పెట్టుకున్న తృప్తి తప్ప అది ఆపేది దాదాపు ఏమీ లేదు.

ఇంత రాయడానికి కారణం మా వీధిలో యాభై దాటినవాళ్ల ఇళ్లలో టీవీ చప్పుడు వింటే తెలుస్తుంది. మోత వల్ల పోయే వినికిడి ఒక్కసారిగా పోదు, నొప్పి ఉండదు, రక్తం రాదు. లోపల నత్తగుల్లలాంటి భాగంలో ఒక్కో చెవికి దాదాపు 15 వేల సన్నని రోమకణాలు ఉంటాయి, మనిషిలో చచ్చినవి మళ్లీ పుట్టవు. మొదట దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలు, అంటే మాటలో స, ష, చ, త లాంటి హల్లుల పదును. అందుకే "వినపడుతోంది కానీ ఏమన్నావో అర్థం కాలేదు" అంటారు, పిల్లల గొంతు, ఫోన్‌లో కూతురి గొంతు మొదట జారిపోతాయి. షిఫ్టు దిగాక చెవిలో గుయ్‌మని మోగడం, లోకం దుప్పటి కప్పుకున్నట్టు ఉండటం, తెల్లారేసరికి సర్దుకోవడం చూసి చాలామంది "ఏం కాదు" అనుకుంటారు. అదే రోజూ జరిగితే ఒక దశ తర్వాత సర్దుకోవడం ఆగిపోతుంది.

పరీక్షకు ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అని అడగాలి, నిశ్శబ్దంగా ఉండే గదిలో హెడ్‌ఫోన్ పెట్టి ఒక్కో స్వరం వినిపిస్తారు, చివరికి గ్రాఫ్ చేతికిస్తారు. 4000 దగ్గర గుంట కనిపిస్తే మోత దెబ్బ అని డాక్టర్లు అనుమానిస్తారు. హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పరీక్షకు ముందు రోజు షిఫ్టు చేయకుండా చెవికి విశ్రాంతి ఇచ్చి వెళ్లండి, లేకపోతే తాత్కాలికంగా తగ్గింది కూడా గ్రాఫ్‌లో పడుతుంది. ఆ కాగితం పారేయకండి, మోత వల్ల వచ్చే వినికిడి లోపం కార్మికులకు పరిహారం ఇప్పించే చట్టంలో వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, రేపు ఏదైనా అడగాల్సి వస్తే చేతిలో ఉండేది అదే.

ప్లగ్ కంటే ముందు చేయాల్సిన పని సాంచ మీదే ఉంది, అది ఆసాములకు. నాడె వచ్చి తగిలేచోట రబ్బరు అరిగితే, బోల్టులు వదులైతే చప్పుడు ఊరికే పెరుగుతుంది, మా షెడ్డులో ఒక వరుసకు రబ్బర్లు మార్చి బోల్టులు బిగించాక ఆ పక్క నిలబడితే తేడా తెలిసింది. నాడె లేని ర్యాపియర్ మగ్గాల్లో ఆ కొట్టుడే ఉండదు, కానీ వాటి ధర వేరే కథ.

ఈ వస్తువులకు నా మార్కులు అడిగితే ఫోమ్ 1110కి ఐదుకు నాలుగున్నర, ఆ అర మార్కు పారేస్తూ కొంటూ ఉండాల్సినందుకు కోశాను. సిలికాన్‌కు మూడున్నర. మఫ్‌కు షెడ్డులో రెండు, బయట నాలుగు. బయట అంటే వినాయక నిమజ్జనం, పెళ్లి బరాత్, డీజే బాక్సుల ముందు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడే చోట. చిన్న పిల్లల చెవిలో ప్లగ్ పెట్టకూడదు, వాళ్లకు మఫ్ ఒక్కటే సరైనది, పిల్లల సైజు అని అడిగి కొనండి, పెద్దవాళ్లది బిగించి పెడితే చెవి కింద సందు మిగిలిపోతుంది.